ఫ్రీజర్‌లోదే కదా, ఏం కాదులే అనుకుంటున్నారా? చికెన్, చేపలు, కూరలు ఎన్నాళ్లు ఉంచొచ్చు.. కరెంట్ పోతే ఏం చేయాలి?

ఆదివారం రెండు కిలోల చికెన్ తెస్తాం. కిలో వండుకుని, మిగతా కిలో ఆ నల్ల కవర్‌తోనే డీప్ ఫ్రిజ్‌లో పడేస్తాం. మధ్యలో నాలుగైదు సార్లు కరెంట్ పోతుంది, వస్తుంది. వచ్చే ఆదివారం గుర్తొచ్చి, పొద్దున్నే బయటికి తీసి సింక్ పక్కన పెడతాం. సాయంత్రానికి తీరిగ్గా వండుతాం. ఇన్నాళ్లూ ఫ్రీజర్‌లోనే ఉంది కదా, ఏమవుతుందిలే అన్న ధీమా.

అసలు సమస్య ఈ ధీమాతోనే. ఫ్రీజర్ బ్యాక్టీరియాను చంపదు. కదలకుండా ఆపుతుంది, అంతే. చికెన్‌లో ఉండే సాల్మొనెల్లా లాంటివి గడ్డకట్టి నెలల తరబడి ఉన్నా బతికే ఉంటాయి. మంచు కరగ్గానే మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. అంటే లోపల పెట్టేటప్పుడు ఆహారం ఎలా ఉందో, తీసినప్పుడూ అలాగే ఉంటుంది. అంతకంటే బాగుపడదు. మరి తేడా ఎక్కడొస్తుంది? లోపల పెట్టడానికి ముందు గడిచిన గంటల్లో, బయటికి తీశాక గడిచే గంటల్లో.

మన ఫుడ్ సేఫ్టీ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కలో 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నది డేంజర్ జోన్. ఈ వేడిలో కొన్ని రకాల బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. పొద్దున ఒకటి ఉందనుకోండి. ఎనిమిది గంటల్లో 24 సార్లు రెట్టింపు. కాగితం మీద లెక్కేస్తే కోటి 67 లక్షలు దాటుతుంది. మంచు మొత్తం కరగడానికి కొంత టైమ్ పడుతుంది కాబట్టి నిజంగా అంత కాకపోవచ్చు. కానీ పైన కరిగిన ముక్కలు మాత్రం మధ్యలో గడ్డ ఉండగానే వేడెక్కిపోతాయి.

'బాగా మరిగిస్తే అన్నీ చచ్చిపోతాయి కదా' అని అడగొచ్చు. బ్యాక్టీరియా చస్తుంది, నిజమే. కానీ కొన్ని రకాలు అప్పటికే వదిలేసిన విషం మరిగించినా పోదు. బయట ఉంచేసిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్, చేతుల నుంచి అంటుకునే స్టెఫైలోకాకస్ ఆ బాపతే. అందుకే వేడివేడిగా తిన్నా వాంతులు అవుతుంటాయి.

మీ ఫ్రీజర్ నిజంగా ఎంత చల్లగా ఉంది?

ఎక్కడ చదివినా 'ఫ్రీజర్‌లో ఆరు నెలలు' అని రాసేస్తారు. ఆ లెక్కలన్నీ మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌కు వేసినవి. డబుల్ డోర్ ఫ్రిజ్‌లో పైన విడిగా ఉండే ఫ్రీజర్ సాధారణంగా ఆ చల్లదనానికి చేరుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో లోపల చిన్న తలుపు ఉన్న ఫ్రీజర్ చాలాసార్లు అంత చల్లబడదు. పైగా మంచినీళ్ల బాటిల్ కోసం పెద్ద తలుపు తీసిన ప్రతిసారీ దానికీ వేడి తగులుతుంది.

ఇక్కడ చాలా మంది కన్‌ఫ్యూజ్ అయ్యే విషయం ఒకటుంది. ఫ్రిజ్ మీద అంటించే బీఈఈ స్టిక్కర్‌లోని స్టార్లు కరెంట్ వాడకానికి సంబంధించినవి. ఫైవ్ స్టార్ ఫ్రిజ్ అంటే బాగా గడ్డకట్టిస్తుందని కాదు. ఫ్రీజర్ చల్లదనానికి విడిగా అంతర్జాతీయ స్టార్ గుర్తులున్నాయి. ఒక స్టార్ అంటే మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18. మైనస్ 6లో ఫ్రోజెన్ ఫుడ్‌ను వారం, మైనస్ 12లో నెల వరకు ఉంచొచ్చన్నది మామూలు లెక్క. మూడు స్టార్లయితేనే నెలల మాట.

థర్మామీటర్ లేకపోతే ఐస్‌క్రీమ్‌తో చూసుకోండి. రాత్రంతా లోపల ఉన్న ఐస్‌క్రీమ్‌లో స్పూన్ సులువుగా దిగిపోతోందంటే మీది మైనస్ 18 కాదు. అలాంటి ఫ్రీజర్‌లో పచ్చి మాంసాన్ని ఒకట్రెండు వారాల్లో వాడేయడం మంచిది.

పెట్టే పద్ధతే ముఖ్యం

నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. నెమ్మదిగా గడ్డకడితే లోపల పెద్ద పెద్ద మంచు పలుకులు ఏర్పడి, మాంసం, కూరగాయల కణాలను చీల్చేస్తాయి. కరిగాక నీరంతా కారిపోయి ముక్క పీచులా అయ్యేది అందుకే. త్వరగా గడ్డకడితే పలుకులు చిన్నవిగా ఉంటాయి, రుచి పెద్దగా పోదు. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్ దాదాపు 1912లో కెనడాలోని లాబ్రడార్‌కు వెళ్లి, అక్కడి ఇన్యూట్లు పట్టిన చేప చలిగాలికి క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండటం గమనించాడు. ఆయన పెట్టిన కంపెనీ ఫ్రోజెన్ ఫుడ్స్ 1930లో అమెరికా షాపుల్లోకి వచ్చాయి. ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో కొనే బఠానీ ప్యాకెట్ వెనకున్నదీ అదే సూత్రం.

మన ఇంట్లో అంత చలి పుట్టించలేం. కానీ కిలో ముద్దను ఒకేచోట పెట్టకుండా, పూటకు సరిపడా చిన్న ప్యాకెట్లుగా చేసి, పలచగా పరిచి పెట్టొచ్చు. అరచేతి మందం ముద్దకంటే వేలు మందం ప్యాకెట్ చాలా తొందరగా గడ్డకడుతుంది, కరిగేటప్పుడూ అంతే. షాపువాడు ఇచ్చిన నల్ల కవర్ తీసేయండి. జిప్ కవర్‌లో వేసి గాలంతా బయటికి నొక్కి మూయండి. గాలి ఉంటే ముక్క మీద తెల్లగా, ఎండినట్టు మచ్చలొస్తాయి. అవి తింటే ప్రమాదం లేదు కానీ రుచి ఉండదు, ఆ భాగం కోసి పారేస్తే సరి. ప్యాకెట్ మీద తేదీ రాయడం మర్చిపోవద్దు. గడ్డకట్టాక మటన్ ఏదో, పనసకాయ ముక్కలేవో చూసి చెప్పడం కష్టం.

వండిన కూరల విషయంలో రెండు తప్పులు జరుగుతాయి. పొగలు కక్కే గిన్నెను నేరుగా పెట్టేయడం ఒకటి. దానివల్ల పక్కనున్నవి కరుగుతాయి. 'పూర్తిగా చల్లారనీ' అంటూ రాత్రంతా స్టవ్ మీదే వదిలేయడం రెండోది. ఇది మరీ ప్రమాదం. వండిన ఆహారం గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో వంటింటి వేడి ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. పలచటి డబ్బాల్లోకి సర్ది, పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి అందులో పెడితే తొందరగా చల్లారుతుంది. డబ్బాను నిండా నింపకుండా పైన కాస్త ఖాళీ వదలండి.

చికెన్, మటన్, చేపలు.. ఏది ఎన్నాళ్లు?

మైనస్ 18 ఉన్న ఫ్రీజర్‌లో పచ్చి చికెన్ ముక్కలు 9 నెలల వరకు, ఖీమా 3 నుంచి 4 నెలలు బాగుంటాయి. వండిన మాంసం కూరలను రెండు మూడు నెలల్లో తినేయాలి. ఈ గడువులు రుచికి సంబంధించినవి. చల్లదనం తప్పకుండా ఉంటే ఆ తర్వాత కూడా విషమైపోదు, తినాలనిపించదంతే.

చేపల దగ్గర లెక్క మారుతుంది. కొవ్వు తక్కువున్న చేపలు ఆరు నెలలైనా నిలుస్తాయి. కొవ్వున్న చేపలు రెండు మూడు నెలలే. ఎందుకంటే మైనస్ 18లో కూడా కొవ్వుకు గాలి తగిలి పాడవడం పూర్తిగా ఆగదు. ఇప్పుడు పులస సంగతి చూడండి. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో వేలకు వేలు పోసి కొని, పండక్కి పిల్లలొస్తారని సంక్రాంతి దాకా దాచేవాళ్లున్నారు. పులస రుచంతా ఆ కొవ్వులోనే ఉంది. ఆగస్టులో పెట్టింది జనవరికి తీస్తే ఐదు నెలలు. అప్పటికి ముక్కకు ఒకరకమైన పాత నూనె వాసన పడుతుంది. పుస్తెలమ్మి కొన్నదాన్ని అలా పోగొట్టుకోవడం ఎందుకు? దీపావళి దాటనివ్వకండి.

ఇంకో అలవాటు కూడా మార్చుకోవాలి. చేప ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి ఫ్రీజర్‌లో పెడతారు చాలా ఇళ్లలో. పసుపుతో ఇబ్బంది లేదు. ఉప్పు మాత్రం కొవ్వు పాడవడాన్ని ఇంకా తొందర చేస్తుంది. శుభ్రం చేసి, కడిగి, ఉప్పు లేకుండా పెట్టి, వండేరోజు పట్టించుకోండి. రొయ్యలైతే డబ్బాలో వేసి మునిగేదాకా నీళ్లు పోసి గడ్డకట్టించే పద్ధతి మన కోస్తా ఇళ్లలో ఉన్నదే. అది మంచి పద్ధతి, మంచు పొర గాలి తగలనివ్వదు.

కూరగాయలకు ఒక ఉడుకు

బెండకాయలు, బీన్స్, బఠానీలు పచ్చివే పెడితే కొన్ని వారాలకు రంగు, రుచి తగ్గుతాయి. వాటిలోని ఎంజైమ్‌లు చలిలోనూ కొంచెం కొంచెం పనిచేస్తూనే ఉంటాయి. అందుకే మరిగే నీళ్లలో కాసేపు వేసి, వెంటనే ఐస్ నీళ్లలోకి తీయాలి. బఠానీలకు నిమిషంన్నర, బీన్స్‌కు, లేత బెండకాయలకు మూడు నిమిషాలు. ఆ తర్వాత తడి లేకుండా బట్ట మీద ఆరబెట్టి, పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, అప్పుడు కవర్‌లో వేస్తే ఒకదానికొకటి అతుక్కోవు.

టమాటాకు ఈ శ్రమ కూడా అక్కర్లేదు. మదనపల్లె మార్కెట్‌లో ధర పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసే రోజులు చూశాం. 2023 జులైలో కిలో రూ.100 దాటినప్పుడు పప్పులో చింతపండుతో సరిపెట్టుకున్న రోజులూ చూశాం. చవగ్గా ఉన్నప్పుడు కడిగి, తుడిచి, కాయలుగానే ఫ్రీజర్‌లో వేసేయండి. తీసి నీళ్ల కింద పెడితే తొక్క దానంతటదే ఊడుతుంది. ముక్క మెత్తబడుతుంది కాబట్టి సలాడ్‌కు పనికిరాదు. పప్పు, చారు, కూరలకు దివ్యంగా సరిపోతుంది.

కరివేపాకు, కొబ్బరి తురుము, అల్లం వెల్లుల్లి ముద్ద, చింతచిగురు, రసాల మామిడి గుజ్జు బాగా నిలుస్తాయి. బొబ్బట్లు, ఇడ్లీలు కూడా. అమెరికాలోని ఇండియన్ స్టోర్లలో మునక్కాయ ముక్కలు ఫ్రోజెన్ ప్యాకెట్లలోనే దొరుకుతాయి, అక్కడి మన వాళ్ల సాంబారు చాలావరకు వాటిమీదే నడుస్తోంది.

పెరుగు, మయోనైజ్ విరిగిపోతాయి. దోసకాయ, పుచ్చకాయ నీరైపోతాయి. బంగాళదుంప ముక్కలున్న కూర కరిగాక ఇసుకలా తగులుతుంది. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది. పెంకుతో ఉన్న పచ్చి గుడ్డు, సీసాలో కూల్‌డ్రింక్ అసలు పెట్టొద్దు, పగిలిపోతాయి.

కరిగించడం ఇలా..

రేపు వండాలంటే ఈ రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి కింద ఫ్రిజ్ అరలో, గిన్నెలో పెట్టండి. మిగతావాటి మీద ఆ నీళ్లు కారకుండా అన్నిటికంటే కింద అరలో. రాత్రే తీయడం మర్చిపోతే, నీళ్లు చొరబడని కవర్‌లో ఉంచి చల్లటి నీళ్లలో ముంచండి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. అరకిలో ప్యాకెట్ సుమారు గంటలో కరుగుతుంది. వేడి నీళ్లు వద్దు. మైక్రోవేవ్‌లో కరిగిస్తే వెంటనే వండాలి.

కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించొచ్చా? ఫ్రిజ్ అరలోనే కరిగి, ఇంకా చల్లగా ఉంటే పెట్టొచ్చు, రుచి తగ్గుతుంది. బయట రెండు గంటలు దాటిందంటే పెట్టొద్దు. పచ్చిది వండేసి, ఆ కూరను ఫ్రీజర్‌లో పెట్టడంలో తప్పులేదు.

కరెంట్ పోతే..

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకు విశాఖపట్నం, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడలోని కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు మొదటి పని తలుపు తీయకుండా ఉండటం. నిండుగా ఉన్న విడి ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉంటే 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. కింద ఫ్రిజ్ భాగం 4 గంటలే. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని చిన్న ఫ్రీజర్ నుంచి ఇంత ఆశించొద్దు. తుపాను హెచ్చరిక రాగానే ప్లాస్టిక్ బాటిళ్లలో ముప్పావు వంతు నీళ్లు నింపి ఖాళీల్లో పెట్టేస్తే ఎక్కువసేపు ఆగుతుంది.

కరెంట్ వచ్చాక తెరిచి చూస్తే ముక్కల్లో ఇంకా మంచు పలుకులు ఉంటే ఫర్వాలేదు. మెత్తగా అయిపోయి చల్లదనం పోతే, వాసన బాగున్నా సరే పారేయాల్సిందే. వాసన చూసి తేల్చుకోవచ్చనేది నమ్మదగిన పద్ధతి కాదు, జబ్బు చేసే బ్యాక్టీరియాలో చాలావాటికి వాసనే ఉండదు.

పండక్కి ఊరెళ్లినప్పుడు వెనక ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? దీనికి రూపాయి ఖర్చు. చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. వచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే మంచు కరగలేదు. అడుగుకు చేరిందంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టింది, లోపలున్న చికెన్ చూడ్డానికి ఎంత గట్టిగా ఉన్నా వండొద్దు.

మంచు పేరుకుపోతే కత్తి వాడొద్దు

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో గోడలకు మంచు అర సెంటీమీటరు దాటితే చల్లదనం తగ్గి, కరెంట్ బిల్లు పెరుగుతుంది. అప్పుడు డీఫ్రాస్ట్ బటన్ నొక్కాలి. తొందరపడి చాకుతోనో, స్క్రూడ్రైవర్‌తోనో పొడిస్తే గోడలోని గొట్టానికి చిల్లు పడి గ్యాస్ పోతుంది. ఇప్పుడొస్తున్న చాలా ఫ్రిజ్‌లలో ఆ గ్యాస్ మండే రకం కూడా. స్విచ్ ఆపేసి, లోపలివి మందపాటి దుప్పటిలో చుట్టి పక్కన పెట్టి, ఫ్రీజర్‌లో గోరువెచ్చని నీళ్ల గిన్నె ఉంచండి. కాసేపటికి మంచు పెచ్చులుగా ఊడి వస్తుంది.