ఏఎస్ రావు నగర్‌లో ఏఎస్ రావు ఎవరు? అప్సర రియాక్టర్ కథ

మన స్టూడియో అమీర్‌పేట్, పంజాగుట్ట మధ్యలో ఉంది. ఇక్కణ్ణుంచి సికింద్రాబాద్ దాటి ఈసీఐఎల్ వైపు వెళ్తే ఏఎస్ రావు నగర్ వస్తుంది. బిర్యానీ రీల్స్‌లో ఆ పేరు వినే ఉంటారు. మరి ఆ రావుగారు ఎవరు? ఆయన కథ తెలియాలంటే ముంబైలోని ట్రాంబే వెళ్లాలి.

1956 ఆగస్టు 4, మధ్యాహ్నం 3:45. 'అప్సర' అనే చిన్న రియాక్టర్ క్రిటికల్ అయింది. సోవియట్ యూనియన్‌ని పక్కన పెడితే ఆసియాలో ఇదే మొదటి రియాక్టర్. హాస్పిటల్లో 'క్రిటికల్' అంటే మనకు గుండె జారిపోతుంది కదా? రియాక్టర్ విషయంలో మాత్రం అది శుభవార్త.

ఎలాగో చూద్దాం. ఒక యురేనియం పరమాణువు చీలితే రెండు మూడు న్యూట్రాన్లు బయటికొస్తాయి. వాటిలో సగటున సరిగ్గా ఒకటి వెళ్లి ఇంకో పరమాణువుని చీల్చాలి. అంతకంటే తక్కువైతే ఆగిపోతుంది, ఎక్కువైతే పెరుగుతూ పోతుంది. ఆ బ్యాలెన్స్ కుదిరితే క్రిటికల్ అంటారు. బ్యాలెన్స్ కుదిర్చేవి కాడ్మియం రాడ్లు. అవి న్యూట్రాన్లని మింగేస్తాయి. కిందికి దించితే రియాక్షన్ తగ్గుతుంది, పైకి లాగితే పెరుగుతుంది.

ఇదంతా ఒక పెద్ద నీళ్ల తొట్టిలో జరుగుతుంది. ఆ నీళ్లే చల్లబరుస్తాయి, న్యూట్రాన్ల వేగం తగ్గిస్తాయి, రేడియేషన్‌కి అడ్డంగా ఉంటాయి. లోపల నీలిరంగు వెలుగు కనిపిస్తుంది. దాన్ని చెరెంకోవ్ కాంతి అంటారు. 1957 జనవరిలో అప్సర అని పేరు పెట్టింది నెహ్రూ.

ఇప్పుడు అసలు పాయింట్. అప్సరకి ఇంధనం మనది కాదు. ఎన్‌రిచ్డ్ యురేనియం బ్రిటన్ ఇచ్చింది. కానీ రియాక్టర్‌ని డిజైన్ చేసి కట్టింది మనవాళ్లే. 1955లో నిర్ణయం తీసుకుంటే, ఏడాదిన్నర లోపే పని పూర్తయింది. మరి న్యూట్రాన్లని లెక్కపెట్టి, తేడా వస్తే రియాక్టర్‌ని ఆపేసే కంట్రోల్ సిస్టమ్? చిప్స్ లేని వ్యాక్యూమ్ ట్యూబుల రోజుల్లో దాన్ని కూడా ఇక్కడే చేశారు. ఆ ఎలక్ట్రానిక్స్ టీమ్‌ని నడిపింది అయ్యగారి సాంబశివరావు. ఆయనే మన ఏఎస్ రావు.

ఊరు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. పుట్టింది 1914లో. బెనారస్ హిందూ యూనివర్సిటీలో, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చదివి, హోమీ భాభా దగ్గర చేరారు. అప్సర కోసం తయారైన ఆ టీమ్ నేర్చుకున్నది అక్కడితో ఆగలేదు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది, దాని మొదటి అధిపతి ఆయనే. రియాక్టర్ పరికరాలతో పాటు కంప్యూటర్లు, ఈసీ టీవీలు కూడా అక్కడ తయారయ్యాయి. మీరు ఓటేసే ఈవీఎంలు తయారుచేసే రెండు సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి. ఇంధనం సంగతా? 1971లో ఆ పక్కనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చింది. కరెంటు తీసే మన రియాక్టర్లలో చాలావాటికి ఇంధనం ఇప్పుడు అక్కణ్ణుంచే వెళ్తోంది.

అంటే అప్సర ఒక్క మెగావాట్ మించని రియాక్టరే. దాంతో ఒక్క ఇంట్లో కూడా బల్బు వెలగలేదు. రీసెర్చ్‌కీ, ఐసోటోపుల తయారీకీ, ట్రైనింగ్‌కీ వాడారు. 2018లో దాని స్థానంలో 2 మెగావాట్ల అప్సర-యు మొదలైంది. పాత రియాక్టర్ పని అయిపోయింది కానీ దాన్ని కట్టిన చేతులు నేర్చుకున్న పని అయిపోలేదు.

ఇది మైత్రివనం చుట్టూ రూమ్ తీసుకుని కోర్సు చేస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్తున్నా. నేనూ బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాసి వచ్చినవాణ్ణే. టూల్ ప్రతి రెండేళ్లకీ మారిపోతుంది. ఏఐ వచ్చాక ఉద్యోగం ఉంటుందా అన్న భయం నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ బయటి నుంచి తెచ్చుకున్నది ఎంతైనా తెచ్చుకోండి, తప్పేం లేదు. అప్సరకి యురేనియం తెచ్చుకోలేదా? కంట్రోల్ ప్యానెల్ మాత్రం మీరే కట్టాలి. ఎక్కడ ఆపాలో, ఎందుకు ఆగిందో మీకు తెలియాలి. కోర్సు ఫీజు కట్టినంత మాత్రాన అది రాదు, ఒకటి మొదలుపెట్టి చివరిదాకా చేస్తేనే వస్తుంది.

ఈసారి ఈసీఐఎల్ బస్సులో ఆ స్టాప్ పేరు వినపడితే, పక్కనున్న ఫ్రెండ్‌కి ఈ కథ చెప్పండి. ఉంటా మరి, బై!