వీలునామాలో ఒక రైలుమార్గం: టాలిలిన్ ఉదాహరణ

పరిచయం

రైల్వేల చరిత్ర అనగానే మీకు పట్టాలు వేసిన కంపెనీలు, అనుమతులిచ్చిన ప్రభుత్వాలు, చెమటోడ్చిన కార్మికులు గుర్తుకు వస్తారు. కాని లాభం ఆగిపోయాక కూడా ఒక రైలుమార్గం ఎలా బతుకుతుంది? ఈ ప్రశ్నకు బ్రిటన్‌లో దొరికే సమాధానాల్లో వీలునామా ఒకటి. తమ మరణానంతరం ఆస్తిలో కొంత భాగం పాత రైలుమార్గానికి చెందాలని రాసిపెట్టేవారు అక్కడ ఉన్నారు. వేల్స్‌లోని టాలిలిన్ రైల్వే ఆధారంగా ఈ ఆచారం వెనుక ఉన్న అవసరాన్ని పరిశీలిద్దాం.

1. యజమాని మాట, దాని గడువు

టాలిలిన్ రైల్వేకు బ్రిటిష్ పార్లమెంటు 1865లో చట్టం ద్వారా అనుమతినిచ్చింది. బ్రిన్ ఎగ్లుయిస్ గనిలో తవ్విన పలకరాయిని టవిన్ పట్టణానికి చేర్చడం దీని ప్రధాన ఉద్దేశం. పట్టాల మధ్య దూరం 686 మిల్లీమీటర్లు మాత్రమే. 1911లో గనిని, రైలుమార్గాన్ని హేడన్ జోన్స్ కొన్నాడు. ఆయన 1910 నుంచి 1945 వరకు లిబరల్ పార్టీ తరఫున పార్లమెంటు సభ్యుడు.

1946 డిసెంబరులో గని కూలి మూతపడింది. సరుకు పోయింది, ఆదాయం పోయింది. అయినా తాను బతికి ఉన్నంతకాలం వేసవిలో రైలు నడుపుతానని హేడన్ జోన్స్ మాట ఇచ్చి, దాన్ని నిలబెట్టుకున్నాడు. కాని ఆ మాట గడువు ఆయన ఆయుష్షే. 1950 జూలైలో ఆయన మరణించాడు.

2. వారసుల నిర్ణయం

1948లో బ్రిటిష్ ప్రభుత్వం రైల్వేలను జాతీయం చేసినప్పుడు ఈ చిన్న మార్గాన్ని తీసుకోలేదు. కాబట్టి దీన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిది కాదు. 1950 అక్టోబరు 11న రచయిత ఎల్.టి.సి. రోల్ట్, ఆయన మిత్రులు బర్మింగ్‌హామ్‌లో సభ పెట్టారు. దాని ఫలితంగా పరిరక్షణ సంఘం ఏర్పడింది.

అయితే సంఘం వద్ద ఉత్సాహం ఉందే తప్ప రైల్వేపై హక్కు లేదు. వాటాలు దివంగత యజమాని ఆస్తిలో భాగం. పట్టాలను పాత ఇనుము కింద అమ్ముకునే అవకాశం వారసులకు ఉంది. పొరుగునే ఉన్న కోరిస్ రైల్వే 1948లో మూతపడగా దాని పట్టాలు పీకేశారు. టాలిలిన్ విషయంలో హేడన్ జోన్స్ భార్య అందుకు భిన్నంగా, సంఘంతో ఒప్పందానికి అంగీకరించారు. వాటాలు ఒక కొత్త కంపెనీకి బదిలీ అయ్యాయి. 1951 మే 14న స్వచ్ఛంద కార్యకర్తలు తొలి రైలు నడిపారు. ఆ విధంగా నిలిచిన రైల్వేల్లో ప్రపంచంలో ఇదే మొదటిది. కోరిస్‌లో మిగిలిన రెండు ఇంజన్లు కూడా ఇక్కడికే చేరాయి.

ఒక వ్యక్తి జీవితంతో ముడిపడిన వాగ్దానం అతనితోనే ముగుస్తుంది. వారసుల మంచితనం ప్రతిసారీ దొరకదు. మరణం తరువాత కూడా ఇచ్చిన మాట నిలవాలంటే అది కాగితం మీద ఉండాలి.

3. వీలునామా సొమ్ము ఎందుకు?

టిక్కెట్ల రాబడి బొగ్గుకు, రోజువారీ ఖర్చులకు ఉపయోగపడుతుంది. కాని ఆవిరి ఇంజన్ బాయిలర్‌ను సాధారణంగా పదేళ్లకోసారి విప్పి బాగుచేయాలి. వంతెనలు, కట్టలు పాతబడతాయి. ఇటువంటి పనులకు పెద్ద మొత్తం ఒకేసారి కావాలి. జీవితకాలంలో ఏటా చిన్న చందా మాత్రమే ఇవ్వగలిగిన సభ్యుడు కూడా వీలునామా ద్వారా పెద్ద సాయం చేయగలడు.

ఇటువంటి దానాలు ముఖ్యంగా మూడు రకాలు: నిర్ణీత మొత్తం, నిర్దిష్ట వస్తువు, అప్పులూ ఇతర దానాలూ పోగా మిగిలిన ఆస్తిలో వాటా. మొదటిదాని విలువ ధరల పెరుగుదలతో తరిగిపోతుంది. మూడోది ఆస్తి విలువతోపాటు మారుతుంది. షరతుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒక ఇంజన్‌కు మాత్రమే ఖర్చు చేయాలని రాస్తే, వంతెన కూలే స్థితిలో ఉన్నా ఆ సొమ్మును దానికి వాడటం కష్టం.

ఇంగ్లండు, వేల్స్‌లలో 1837 నాటి వీలునామాల చట్టం నేటికీ ఆధారం. వీలునామా లిఖితపూర్వకంగా ఉండి, దానిపై ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. సాక్షికే దానం రాస్తే ఆ దానం చెల్లదు. ఇద్దరు సాక్షుల నియమం మన 1925 భారత వారసత్వ చట్టంలోనూ కనిపిస్తుంది. బ్రిటన్‌లో నమోదైన ధర్మాదాయ సంస్థకు రాసిన దానంపై వారసత్వ పన్ను ఉండదు.

మనుషులకు ఇవ్వవలసింది ఇనుముకు ఇవ్వడం న్యాయమా అని మీరు అడగవచ్చు. కుటుంబ అవసరాలు ముందు చూసుకోవడం ధర్మమే. అయితే ఆ సొమ్ము నిలబెట్టేది ఇనుమును మాత్రమే కాదు. బాయిలర్ బిగించే, ఇంజన్ నడిపే పనితనం ఒక తరం నుంచి మరొక తరానికి అందడం కూడా దానిపై ఆధారపడి ఉంది.

4. చరిత్ర విద్యార్థికి ఉపయోగం

మన డార్జిలింగ్, నీలగిరి పర్వత రైల్వేలు భారతీయ రైల్వేల ఆధీనంలో ఉన్నాయి. వాటి మనుగడను అధ్యయనం చేయాలంటే ప్రభుత్వ బడ్జెట్ పత్రాలు చూడాలి. టాలిలిన్ వంటి వాటికి సంఘాల రికార్డులు, వీలునామాలు ఆధారాలు. ఇంగ్లండు, వేల్స్‌లలో న్యాయస్థానం ధ్రువీకరించిన వీలునామాను ఎవరైనా రుసుము చెల్లించి చూడవచ్చు. సామాన్యులు దేన్ని విలువైనదిగా భావించారో అందులో తెలుస్తుంది.

2021లో యునెస్కో వాయవ్య వేల్స్ పలకరాయి ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు టాలిలిన్ కూడా అందులో భాగమైంది. అయితే గుర్తింపు బాయిలర్‌ను బాగుచేయదు. ఆ పనికి సొమ్ము, చేతులు కావాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. హేడన్ జోన్స్ ఇచ్చిన మాటకూ, వీలునామాలో రాసిన దానానికీ గల తేడా ఏమిటి?
2. మీ ప్రాంతంలో ఒక పాత కట్టడాన్ని ఎంచుకోండి. దాని నిర్వహణకు ఇప్పుడు ఎవరు ఖర్చు చేస్తున్నారు? వారి తరువాత ఎవరు చేస్తారు? పది వాక్యాల్లో రాయండి.