వ్యాపించిన కాన్సరుకు స్థానిక చికిత్స: ఒక ప్రశ్న చరిత్ర

కాన్సర్ పుట్టిన చోటనే ఉండిపోయే వ్యాధి అయితే వైద్యశాస్త్రానికి ఇంత శ్రమ ఉండేది కాదు. ఒక చోట పుట్టిన కంతి నుండి కొన్ని కణాలు విడివడి, రక్తంతోనో శోషరసంతోనో ప్రయాణం చేసి, ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు, మెదడు వంటి దూరపు అవయవాలలో మళ్ళీ కంతులుగా పెరుగుతవి. మొదటిదానిని మూల కంతి అనీ, దూరాన వెలసిన వాటిని పిల్ల కంతులు అనీ ఇక్కడ వ్యవహరిద్దాం. పిల్ల కంతులు కనిపించిన తరువాత వాటిని ఒక్కొక్కటిగా కత్తితో తీసివేసినా, కిరణాలతో నాశనం చేసినా రోగికి ప్రయోజనం ఉన్నదా? లేక అది ఇల్లంతా చెదలు పట్టిన తరువాత ఒక్క వాసాన్ని మార్చడం వంటిదా? వైద్యులు చిరకాలంగా వేసుకొంటున్న ప్రశ్న ఇది.

1889లో లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పాజెట్ రొమ్ము కాన్సరుతో మరణించిన 735 మంది వివరాలను పరిశీలించినాడు. పిల్ల కంతులు కాలేయంలో 241 మందికి ఉండగా ప్లీహంలో 17 మందికి మాత్రమే ఉన్నవి. రక్తం రెండు అవయవాలకూ ధారాళంగా అందుతుంది. కాబట్టి రక్తప్రవాహం ఒక్కటే దీనికి కారణం కాజాలదు. గింజ అన్ని చోట్లా రాలుతుంది, నేల అనుకూలించిన చోటనే మొలుస్తుంది అని పాజెట్ భావించినాడు. అయిదేళ్ల తరువాత, 1894లో, అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా తొలగించే శస్త్రచికిత్సను వివరించినాడు. వ్యాధి మూల కంతి నుండి అంచెలంచెలుగా ప్రాకుతుందనీ, చుట్టూ విస్తారంగా కోసివేస్తే దానిని ఆపవచ్చుననీ అతని నమ్మకం. దూరపు అవయవాన్ని చేరిన వ్యాధికి మాత్రం ఈ దృష్టిలో కత్తితో పని లేదు.

అయితే ఒక్క రోగి ఈ లెక్కకు అడ్డు తగిలినాడు. 1939లో బార్నీ, చర్చిల్ అనే ఇద్దరు అమెరికన్ శస్త్రవైద్యులు ఒక నివేదిక ప్రకటించినారు. రోగికి మూత్రపిండంలో కాన్సర్, ఊపిరితిత్తిలో దాని పిల్ల కంతి. మూత్రపిండాన్నీ, 1933లో ఊపిరితిత్తిలోని ఆ భాగాన్నీ తీసివేసినారు. ఆ రోగి ఆ తరువాత 23 ఏళ్లు జీవించి గుండె జబ్బుతో మరణించినాడు. శస్త్రవైద్యులలో ఈ కథ ఎంతో ప్రసిద్ధికెక్కినది. కాని ఇక్కడ ఒక మెలిక ఉన్నది. శస్త్రచికిత్సకు వైద్యులు ఎన్నుకొనే రోగులు సాధారణంగా ఒకటి రెండు కంతులు గలవారు, వ్యాధి మెల్లగా సాగుతున్నవారు, ఒంట్లో సత్తువ ఉన్నవారు. అటువంటి వారు చికిత్స లేకున్నా మిగిలిన వారికంటె ఎక్కువకాలమే బ్రతుకుతారేమో! బ్రతికించినది కత్తా, వ్యాధి స్వభావమా? ఒక్క రోగిని చూచి ఈ సంగతి తేల్చడం సాధ్యం కాదు.

కత్తికి తోడుగా కిరణాలు వచ్చినవి. స్వీడన్ దేశపు శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో ఒక ఉపాయం ప్రతిపాదించినాడు. ఒకే బలమైన కిరణపుంజాన్ని పంపితే దారిలోని మంచి కణజాలం కూడా దెబ్బతింటుంది. దానికి బదులు అనేక సన్నని పుంజాలను వేర్వేరు దిక్కుల నుండి పంపి, అన్నీ ఒక్క బిందువు వద్ద కలిసేటట్లు చేస్తే, ప్రతి పుంజమూ దారిలో చేసే హాని స్వల్పం. కలిసిన చోట మాత్రం శక్తి తీవ్రం. 1960 దశకం చివర స్టాక్‌హోంలో నెలకొల్పిన మొదటి యంత్రంలో 179 కోబాల్ట్ కిరణమూలాలు ఉండేవి. మెదడు కదలని పుర్రెలో ఉంటుంది గనుక అక్కడ గురి సులభం. ఊపిరితో పాటు కదిలే కాలేయం, ఊపిరితిత్తులలోని కంతులకు ఈ పద్ధతిని విస్తరింపజేసినవారు అదే దేశపు బ్లోమ్‌గ్రెన్, లాక్స్. వారి నివేదిక 1995లో వెలువడినది.

అదే సంవత్సరం షికాగోలో హెల్‌మన్, వైక్సెల్‌బామ్ అనే ఇద్దరు వైద్యులు ఒక భావనకు పేరు పెట్టినారు. అప్పటికి బెర్నార్డ్ ఫిషర్ వంటివారి కృషి ఫలితంగా హాల్‌స్టెడ్ మతం వెనుకబడి, కాన్సర్ ఆదినుండే సర్వాంగ వ్యాధి అన్న మతం బలపడి ఉన్నది. ఈ రెండు కొసల మధ్య మరొక దశ ఉన్నదనీ, కొందరిలో పిల్ల కంతులు సంఖ్యలో కొద్దిగానే ఉండి అక్కడే నిలుస్తవనీ, వారిని స్థానిక చికిత్సతో నయం చేయవచ్చుననీ షికాగో వైద్యుల ఊహ. ఆకర్షణీయమైన ఊహే, కాని ఊహకు పేరు పెట్టినంతమాత్రాన రుజువు కాదు.

రుజువుకు మార్గం ఒక్కటే: సమాన స్థితిలోని రోగులను చీటీ వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మాత్రమే ఆ చికిత్స చేయడం. మెదడులో ఒకే పిల్ల కంతి గల 48 మందిపై పాచెల్, అతని సహచరులు ఇట్టి పరీక్ష జరిపి 1990లో ప్రకటించినారు. కిరణాలు మాత్రమే పొందినవారిలో మధ్యగతం 15 వారాలు, ముందు శస్త్రచికిత్స కూడా పొందినవారిలో 40 వారాలు. మధ్యగతమంటే వరుసలో సరిగ్గా నడుమనున్న రోగి బ్రతికిన కాలం. ఇక్కడ కత్తి పక్షాన తీర్పు స్పష్టం.

ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి పరీక్ష మరొక తీర్పు చెప్పినది. అక్కడి ప్రశ్న కాస్త వేరు: వ్యాధి అప్పటికే వ్యాపించిన స్త్రీలకు రొమ్ములోని మూల కంతిని తీసివేస్తే లాభమా? 2005, 2013 సంవత్సరాల మధ్య మందులకు లొంగిన 350 మందిని చీటీ పద్ధతిలో విభజించినారు. స్థానిక చికిత్స పొందినవారి మధ్యగతం 19.2 నెలలు, పొందనివారిది 20.5 నెలలు. ఆయుర్దాయంలో లాభం లేకపోగా, దూరపు కంతులు పెరగడం చికిత్స పొందినవారిలోనే కొంత అధికంగా కనిపించినది. 2015లో ఈ ఫలితం వెలువడక పూర్వం, శస్త్రచికిత్స పొందినవారే ఎక్కువకాలం బ్రతికినట్లు పాత ఆసుపత్రి రికార్డులు చూపుతుండేవి. రికార్డులు అబద్ధం కావు; వాటిలో ఎన్నిక దాగి ఉన్నది.

పిల్ల కంతులపైననే గురిపెట్టిన కిరణ చికిత్సకు పెద్ద పరీక్ష 'సేబర్-కామెట్'. అయిదు వరకు పిల్ల కంతులు గల 99 మంది అందులో పాల్గొన్నారు. 33 మందికి మామూలు చికిత్స, 66 మందికి దానితో పాటు గురి కిరణాలు. 2019లో ప్రకటించిన ఫలితం: మధ్యగతం 28 నెలల నుండి 41 నెలలకు పెరిగినది. అయిదేళ్లకు జీవించి ఉన్నవారు మొదటి జట్టులో నూటికి సుమారు 18, రెండవ జట్టులో 42. అయితే త్రాసు రెండవ తట్టలో కూడా బరువు ఉన్నది. ఆ 66 మందిలో ముగ్గురు చికిత్స వలననే మరణించినారు. పైగా సాధారణంగా మెల్లగా సాగే ప్రోస్టేట్ కాన్సర్ రోగులు రెండవ జట్టులో 14 మంది ఉండగా మొదటి జట్టులో ఇద్దరే. చీటీ వేసినా జట్లు చిన్నవైతే ఇటువంటి అసమానతలు తప్పవు.

కాన్సర్ రకాన్ని బట్టి కూడా జవాబు మారుతున్నది. మూడు వరకు పిల్ల కంతులు ఉండి, ముందు ఇచ్చిన మందులతో వ్యాధి నిలిచిన 49 మంది ఊపిరితిత్తి కాన్సర్ రోగులలో స్థానిక చికిత్స మధ్యగతాన్ని 17 నెలల నుండి 41 నెలలకు పెంచినది. నాలుగు వరకు పిల్ల కంతులు గల 125 మంది రొమ్ము కాన్సర్ రోగులపై జరిపి 2022లో వెల్లడించిన అమెరికా పరీక్షలో వ్యాధి తిరిగి విజృంభించే వరకు పట్టిన కాలంలో చెప్పుకోదగిన భేదమే లేదు. ఎముకలలో, కాలేయంలో కంటికి కనబడిన కంతులను కాల్చివేసినా, కనబడని గింజలు ఎన్ని మిగిలి ఉన్నవో ఏ చిత్రమూ చూపదు. అందుచేత నేటి వైద్యులు కంతుల సంఖ్యతో ఆగక, మూల కంతికి చికిత్స జరిగిన ఎంతకాలానికి పిల్ల కంతులు కనిపించినవి, మందులకు అవి ఎలా లొంగినవి, కిరణాల దారిలో పేగుల వంటి సున్నితమైన అవయవం ఏదైనా ఉన్నదా అని విచారించి, ఆ త్రాసును రోగి ఎదుటనే పెడుతున్నారు. సేబర్-కామెట్ బృందం ఒకటి నుండి మూడు కంతులవారికి ఒకటి, నాలుగు నుండి పదింటివారికి ఒకటిగా మరి రెండు పెద్ద పరీక్షలను ప్రారంభించినది.