నెలలు నిండని శిశువుల తల్లుల మానసికానుభవం

చివరి నెలసరి నాటి నుంచి లెక్కించి 37 వారాలు పూర్తికాకముందే పుట్టిన శిశువును నెలలు నిండని శిశువు అంటారు. 2020లో భారతదేశంలో ఇలాంటి జననాలు సుమారు 30 లక్షలు. ఏ దేశంలోనూ ఇంతకంటే ఎక్కువ లేవు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో జనగామ జిల్లాలో చేరిన స్టేషన్ ఘన్‌పూర్ వంటి చోట్ల, ఊపిరికి సాయం కావలసిన శిశువును జనగామకో వరంగల్‌కో తరలించవలసి ఉంటుంది. శస్త్రచికిత్సతో ప్రసవించిన తల్లి వెంటనే కదలలేదు గనుక, బిడ్డ వెంట తండ్రో అమ్మమ్మో వెళ్తే, కన్నతల్లి తన బిడ్డను అందరికంటే చివర చూడటం జరుగుతుంది.

ఈ ఎడబాటే తల్లి వేదనకు మూలమని చెప్పవచ్చు. ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ విభాగంలో, అంటే ఎస్‌ఎన్‌సీయూలో, గొంతులో శ్వాసగొట్టం ఉన్న బిడ్డ ఏడ్చినా శబ్దం రాదు. ముఖం ముడుచుకోవడం మాత్రమే కనిపిస్తుంది. తొలి రోజుల్లో బరువు కొంత తగ్గడం సహజమే అయినా, ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పకపోతే తల్లి బెంబేలెత్తిపోతుంది. బరువులెత్తినందుకో, చేనుపనికి వెళ్లినందుకో ఇలా అయిందని తనను తానే నిందించుకుంటుంది. అధిక రక్తపోటు, ఇన్ఫెక్షన్లు, కవలలు ముఖ్య కారణాలు కాగా, చాలాసార్లు కారణమే తెలియదు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గాని ఎనిమిదో నెల బిడ్డ బతకదన్న నమ్మకం ఈ భయానికి తోడవుతుంది. నిజానికి గర్భంలో గడిచే ప్రతి వారంతోనూ బతికే అవకాశం పెరుగుతుంది.

సుమారు 34 వారాలలోపు శిశువుకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానితో ఒకటి కుదరవు కనుక పాలు గొట్టం ద్వారా, ఆ తర్వాత ఉగ్గుగిన్నెతో పడతారు. రెండు మూడు గంటలకోసారి చేత్తో పిండిన ముర్రుపాలు గిన్నె అడుగు తడిసేటంతే వచ్చినా, బిడ్డకు తాను మాత్రమే ఇవ్వగలిగినది అదేనన్న భావం తల్లిని నిలబెడుతుంది. ఆందోళన పాలు జారడానికి తోడ్పడే ఆక్సిటోసిన్‌కు అడ్డుపడుతుంది. పాలు రాకపోవడం ఆందోళనను మరింత పెంచుతుంది.

1978లో కొలంబియాలోని బొగోటాలో ఎడ్గార్ రే ఆరంభించిన కంగారూ సంరక్షణలో బిడ్డను తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచుతారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా పాల్గొన్న అంతర్జాతీయ అధ్యయనంలో, పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే 1.8 కిలోలలోపు శిశువుల మరణాలు 25 శాతం తగ్గాయని 2021లో వెల్లడైంది. తల్లిని సందర్శకురాలిగా బయట నిలబెట్టడానికి వైద్యపరమైన సమర్థన దీనితో బలహీనపడింది. శిక్షణ పొందిన తల్లిదండ్రులను సంరక్షణలో భాగస్వాములను చేయాలని కేంద్ర ప్రభుత్వం 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

ప్రసవానంతర దిగులు సాధారణంగా రెండు వారాల్లో సర్దుకుంటుంది. అంతకు మించి నిద్రలేమి, నిరాశ, బిడ్డను తాకడానికి వెనుకాడటం కొనసాగితే కుంగుబాటుగా భావించి చికిత్స చేయాలి. ఇంటికి పంపాక కూడా భయం పోదు. యంత్రాల అలారం లేని తొలి రాత్రుల్లో తల్లులు బిడ్డ ఊపిరిని గమనిస్తూ మేలుకొనే ఉంటారు. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త బిడ్డ బరువు చూడటంతో పాటు తల్లి నిద్ర, తిండి గురించి అడగడం, పుట్టిన 30 రోజుల్లోపు చేయించవలసిన రెటీనా పరీక్షను గుర్తుచేయడం ఈ దశలో అత్యవసరం.