"ఎర్రగడ్డ" మన నోట్లోకి ఎట్లా వచ్చింది?



పోయిన ఏడాది మా హాస్టల్లో ఒక తమ్ముడు నెల రోజులు సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు. అడిగితే "తలనొప్పి అన్నా" అనేవాడు. మేమేం చేశాం? "ఎర్రగడ్డ పంపిద్దామారా?" అని నవ్వాం. సంక్రాంతికి ఇంటికి పోయినోడు మళ్లీ రాలేదు. మేమన్న ఆ ఒక్క మాట వెనుక ఎంత చరిత్ర ఉందో తర్వాత చదివి తెలుసుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

తెలంగాణలో ఎర్రగడ్డ, విశాఖ వైపు చినవాల్తేరు. రెండు చోట్లా ఉన్నవి సర్కారు మానసిక వైద్యశాలలు. మరి ఆస్పత్రి పేరు తిట్టు ఎందుకైంది?

1858లో బ్రిటిష్‌వాళ్లు పిచ్చాసుపత్రుల చట్టం తెచ్చారు. మతి చెడి తిరుగుతున్నాడని అనిపించిన మనిషిని పోలీసు పట్టుకొని మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఆయన ఆర్డర్ రాస్తే లోపలికే. మద్రాసు ప్రెసిడెన్సీలో అలాంటి ఆశ్రయాలు మద్రాసు, కాలికట్, వాల్తేరులో ఉండేవి. 1912 చట్టం కూడా అదే దారి ఉంచింది. స్వతంత్రం వచ్చాక కూడా అది నడిచింది. దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం అమలయ్యింది 1993లో. అంటే మన తాతల కాలంలో ఈ వైద్యానికి పోయే దారిలో ముందు ఎదురయ్యేది డాక్టర్ కాదు, పోలీసు.

పోలీసంటే మనవాళ్లకు ఏమిటో వేరే చెప్పాలా? 1911 నేరస్త తెగల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్లను రిజిస్టర్లకెక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకున్నారు. స్టూవర్టుపురం అట్లా పుట్టిన సెటిల్‌మెంటే. అలాంటి చట్టం దేశమంతటా పోయింది 1952లోనే. ఆ రిజిస్టర్లో పేరున్న మనిషి "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు దొరా" అని ఏ సర్కారోడికి చెప్పుకుంటాడు? గోండు, కోయ, కొండరెడ్డి పల్లెల్లోనూ అడవి కేసు, పోడు కేసు అంటే ముందు పట్టుకుపోయేది మగాణ్నే. అందుకే "ఆఫీసరు ముందు నోరు మెదపకు" అని తండ్రులు కొడుకులకు నేర్పారు. అప్పట్లో ఆ మౌనం ప్రాణాలు కాపాడింది. ఇప్పుడు అదే మౌనం మన తమ్ముళ్లను తినేస్తోంది.

దీనికి తోడు 1860 నాటి శిక్షాస్మృతిలో 309 సెక్షన్ ఒకటి. చావబోయి బతికినవాడి మీదే కేసు. అందుకే ఇంటోళ్లు ఆస్పత్రిలో "పొరపాటున తాగాడు సార్" అని చెప్పేవాళ్లు. అసలు బాధ ఎవరికీ తెలిసేది కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వందలో దాదాపు 72 మంది మగవాళ్లు.

ఊళ్లో వెజ్జు దగ్గరికి మాత్రం మనవాళ్లు భయం లేకుండా పోయేవాళ్లు. అక్కడ కాగితం లేదు, కేసు లేదు, ఇంటిల్లిపాదీ పక్కనే కూర్చునేవాళ్లు. జబ్బుకు మందు కావాలి, దానికి డాక్టరే కావాలి. కానీ మనిషిని ఒంటరిగా పంపకూడదన్నది మన పల్లె ఎప్పటినుంచో చేస్తున్నదే. పైగా గోండిలో, కోయలో ఉన్న బాధను తెలుగులో చెప్పమంటే సగం లోపలే ఉండిపోతుంది. పక్కన మనోడు ఒకడు ఉండాలి.

చట్టం మారింది. 2017లో చేసి 2018 మే నుంచి అమల్లోకి తెచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం మన హక్కు, మన వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి, శిక్షించకూడదు. 2022 అక్టోబర్ నుంచి టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు.

చట్టం మారినా మన నోరు మారలేదు. మొన్న ముగ్గురం ఆ తమ్ముడి ఊరికి పోయాం. "ఆ రోజు తప్పు మాట అన్నాం రా" అన్నాం. చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి "ఆస్పత్రికి మీరు కూడా వస్తారా అన్నా?" అని అడిగాడు.

పోతున్నాం. మీ గదిలో తలనొప్పి అనే తమ్ముడు ఉంటే మీరూ అడగండి.

జై ఆదివాసీ!