ఘనా ఎన్నికల సంఘం: స్వయంప్రతిపత్తి

ఘనా ఎన్నికల సంఘం పశ్చిమాఫ్రికా దేశమైన ఘనాలో ఎన్నికలనూ ప్రజాభిప్రాయ సేకరణలనూ నిర్వహించే రాజ్యాంగ సంస్థ. ప్రధాన కార్యాలయం అక్రాలో ఉంది. ఇందులో చైర్‌పర్సన్, ఇద్దరు డిప్యూటీలు, మరో నలుగురు సభ్యులు ఉంటారు.

నేపథ్యం

1957లో స్వాతంత్ర్యం పొందిన ఘనా 1964లో ఏకపార్టీ రాజ్యమైంది. 1966 నుంచి సైనిక తిరుగుబాట్లు మొదలయ్యాయి. 1978 మార్చి 30న సైనిక పాలకుడు అచెయంపాంగ్, పార్టీలు లేని ‘యూనియన్ ప్రభుత్వం’పై ప్రజాభిప్రాయ సేకరణ జరిపించాడు. ఏ పోలింగ్ కేంద్రం ఓట్లు అక్కడే లెక్కించాలని ఎన్నికల కమిషనర్, న్యాయమూర్తి ఐజక్ అబ్బన్ పట్టుబట్టాడు. చివరకు ఆయన ప్రాణభయంతో అజ్ఞాతంలోకి వెళ్లవలసి వచ్చింది. ప్రభుత్వం మాత్రం తామే గెలిచామని ప్రకటించుకుంది.

రాజ్యాంగ రక్షణ

1992 రాజ్యాంగంలోని 46వ అధికరణం ప్రకారం ఎన్నికల సంఘం ఎవరి ఆదేశాలకూ లోబడనక్కర్లేదు. చైర్‌పర్సన్‌కు అప్పీలు కోర్టు న్యాయమూర్తితో సమానమైన సేవా నిబంధనలు వర్తిస్తాయి. సంఘం పరిపాలనా ఖర్చులు సంచిత నిధి నుంచి అందుతాయి. అయితే సభ్యులను నియమించేది దేశాధ్యక్షుడే. అందుకు ఆయన రాజ్య మండలి (కౌన్సిల్ ఆఫ్ స్టేట్) సలహా తీసుకోవాలి.

నమ్మకం కుదిరిన తీరు

1992 అధ్యక్ష ఎన్నికను తాత్కాలిక సంఘం నిర్వహించింది. అక్రమాలు జరిగాయంటూ ప్రతిపక్షాలు ఆ తర్వాతి పార్లమెంటు ఎన్నికలను బహిష్కరించాయి. 1993లో శాశ్వత సంఘం ఏర్పడి, క్వాడ్వో అఫారి-జాన్ చైర్మన్ అయ్యాడు. 1994లో పార్టీలన్నింటినీ ఒకచోట కూర్చోబెట్టే సలహా కమిటీ వచ్చింది. 1996లో పారదర్శక బ్యాలెట్ పెట్టెలు వాడుకలోకి వచ్చాయి. 2000లో ప్రతిపక్ష నేత కుఫూర్ గెలవగా అధికారం శాంతియుతంగా చేతులు మారింది. 2008 అధ్యక్ష ఎన్నికలో సుమారు 40 వేల ఓట్ల తేడాతో మిల్స్ నెగ్గినప్పుడు, తైన్ నియోజకవర్గంలో పోలింగ్ పూర్తయ్యేదాకా సంఘం తుది ఫలితం ప్రకటించలేదు.

సవాళ్లు

2012 అధ్యక్ష ఎన్నిక ఫలితంపై దాఖలైన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2013లో కొట్టివేసింది. ఆ విచారణ టీవీలో ప్రత్యక్ష ప్రసారమైంది. 2015లో తొలి మహిళా చైర్‌పర్సన్ అయిన షార్లెట్ ఒసెయిని, ఆమె ఇద్దరు డిప్యూటీలను 2018లో దేశాధ్యక్షుడు అకుఫో-అడ్డో తొలగించాడు. ప్రధాన న్యాయమూర్తి వేసిన విచారణ కమిటీ సిఫారసుపైనే ఈ చర్య తీసుకున్నా, ప్రతిపక్షం దాన్ని రాజకీయ నిర్ణయంగా విమర్శించింది. ఆ తర్వాత జీన్ మెన్సా చైర్‌పర్సన్‌గా బాధ్యతలు చేపట్టింది.

ఇప్పుడు ఓట్లను పోలింగ్ కేంద్రంలోనే పార్టీల ఏజెంట్ల ఎదుట లెక్కించి, ఫలితాల పత్రం నకళ్లు వారికి ఇస్తారు. అందువల్ల పార్టీలు సొంతంగా లెక్క కట్టుకోగలుగుతున్నాయి. 2024 డిసెంబర్ ఎన్నికల్లో అధికార పక్ష అభ్యర్థి బావుమియా, సంఘం ఫలితం ప్రకటించకముందే ఓటమిని అంగీకరించాడు.