సూపర్‌హీరో వేషాల ఇంటి కుట్టు

కామిక్ పుస్తకాలు, సినిమాలు, వీడియో గేముల్లోని పాత్రల వేషం కట్టి, ఆ పాత్రలా మెలగడాన్ని కాస్‌ప్లే అంటారు. ఇందులో సూపర్‌హీరోల వేషాలకు ఆదరణ ఎక్కువ. దుస్తులు కొనుక్కునేవారు, అద్దెకు తెచ్చుకునేవారు ఉన్నా, ఈ కళలో గౌరవమంతా సొంతంగా కుట్టుకున్నవారికే దక్కుతుంది. పనితనం చూసే పోటీల్లో వేషంలో ఎక్కువ భాగం పోటీదారే తయారుచేసి ఉండాలన్న నియమం సాధారణంగా ఉంటుంది.

ఈ వేడుక మొదలైందే ఇంట్లో కుట్టిన బట్టలతో. 1939లో న్యూయార్క్‌లో తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగింది. ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు భవిష్యత్తు మనుషుల్లా ముస్తాబై దానికి వచ్చారు. ఆ రెండు జతలనూ కుట్టింది డగ్లసే. ఆకర్‌మన్ పేరు లోకానికి తెలిసినంతగా ఆమె పేరు తెలియలేదు. వేషం కట్టినవారికి వచ్చే పేరు కుట్టినవారికి రాకపోవడం అప్పటి నుంచే ఉంది. కాస్‌ప్లే అన్న పేరు 1980లలో జపాన్‌లో స్థిరపడింది.

తెలుగు నేలపై

తెలుగు తెర మీద ఎన్.టి.రామారావు ‘సూపర్‌మ్యాన్’ 1980లో వచ్చింది. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’ పల్లెటూరి కుర్రాడిని సూపర్‌హీరోను చేసింది. హైదరాబాద్‌లో కామిక్ కాన్ వేడుక 2013లో మొదలైంది. తెలుగు కాస్‌ప్లే కళాకారులకు ఇదే పెద్ద వేదిక. జిల్లాల్లో ఈ కుట్టుకు గిరాకీ మరో దారిలో వస్తుంది: బడి వార్షికోత్సవాలు, వేషధారణ పోటీలు, పుట్టినరోజులు. కృష్ణాష్టమికి పిల్లవాడికి పట్టుపంచె కుట్టించిన తల్లే ఇప్పుడు స్పైడర్‌మ్యాన్ డ్రెస్ కావాలని దర్జీ దగ్గరికి వస్తోంది.

ఇంటిల్లిపాదీ కలిసి వేషసామగ్రి తయారుచేసుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చిందు యక్షగాన కళాకారులు తేలికైన కర్రతో కిరీటాలు, భుజకీర్తులు చెక్కి, రంగులద్ది, అద్దాలు పొదిగి ఆటకు వాడతారు. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. రాత్రంతా ఎగిరి ఆడే మనిషికి బరువు తగలకూడదు, దూరాన కూర్చున్నవారికి మెరుపు కనబడాలి. ఈ రెండు సూత్రాలూ నేటి కాస్‌ప్లే కవచానికి యథాతథంగా వర్తిస్తాయి.

బట్ట, కొలత

సూపర్‌హీరో దుస్తులకు ప్రాణం సాగే గుడ్డ. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన స్పాండెక్స్ పోగే దీనికి ఆధారం. లైక్రా అన్న వ్యాపారనామమే మన బజారులో గుడ్డ పేరైపోయింది. నిలువుకూ అడ్డానికీ, రెండు వైపులా సాగేది కొనాలి. ఒకవైపే సాగేది లెగ్గింగ్‌కు సరిపోవచ్చు గానీ, ఒళ్లంతా కప్పే సూటుకు పనికిరాదు.

అనుభవమున్న దర్జీలు కూడా తడబడేది ఇక్కడే. జాకెట్టు, చొక్కా, పంజాబీ డ్రెస్ ఏది కుట్టినా ఒంటి కొలతకు కొంత లూజు కలపడం చేతికి అలవాటు. లైక్రాకు కలపకూడదు, తీసేయాలి. ఛాతీ 36 అంగుళాలుంటే, పదో వంతు తగ్గించి, కుట్టిన తర్వాత సుమారు 32న్నర అంగుళాలు వచ్చేలా కత్తిరిస్తారు. ఎంత తగ్గించాలో గుడ్డే చెబుతుంది. పది సెంటీమీటర్ల మేర గుర్తు పెట్టి లాగితే అది తేలిగ్గా పదిహేనుకు చేరి, వదలగానే వెనక్కి రావాలి. నిడివిని మాత్రం తగ్గించకపోవడం మేలు. తగ్గిస్తే వంగినప్పుడు, కూర్చున్నప్పుడు మెడ నుంచి కాళ్ల సందు దాకా గుడ్డ బిగిసిపోతుంది.

దర్జీకి ఆది ఇచ్చే అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. వదులైన బట్ట కొలత ఒంటిని చూపదు. అందుకే పాత బిగుతు బనియను తొడుక్కుని, దాని మీద ప్లాస్టర్ టేపు చుట్టించుకుని, కుట్లు రావలసిన చోట్ల గీతలు గీసి, జాగ్రత్తగా కత్తిరించి విప్పుతారు. ఆ ముక్కలే కటింగ్‌కు నమూనాలు. మరీ గట్టిగా చుడితే ఊపిరి ఆడదు. పిల్లలకైతే ఈ పద్ధతి వద్దు.

మిషన్ పని

మామూలు తొక్కుడు మిషన్ వేసే నేరు కుట్టు సాగదు. గుడ్డ సాగుతుంది, దారం సాగదు. వేసుకున్న తొలి నిమిషంలోనే చంక దగ్గరో తొడ దగ్గరో పటపటా తెగుతుంది. కావలసింది వంకర కుట్టు, అంటే జిగ్‌జాగ్. దీనికి కొత్త మిషన్ కొననక్కర్లేదు. చీరలకు పీకో వేసే మిషన్ వేసేది జిగ్‌జాగే. మొగుళ్లపల్లి వంటి మండల కేంద్రాల్లో ఫాల్, పీకో కుట్టే మహిళల చేతిలో సూపర్‌హీరో సూటుకు కావలసిన యంత్రం ఎప్పటి నుంచో ఉంది. సన్నటి జిగ్‌జాగ్‌తో అతుకు వేసి, లోపలి అంచుకు ఓవర్‌లాక్ చేయిస్తే చాలు. సూది మొన గుండ్రంగా ఉండాలి. వాడి మొన గుడ్డ పోగులను తెంపుతుంది, కుట్లు తప్పిస్తుంది. గుడ్డ పాదం కింద ఇరుక్కుంటుంటే అడుగున పలుచటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేస్తారు. దారం నూలుది కాక పాలిస్టర్‌ది వాడాలి.

ఛాతీ మీది గుర్తును కూడా సాగే గుడ్డతోనే కత్తిరించి, చుట్టూ జిగ్‌జాగ్‌తో అతికించాలి. సాగని ఫెల్ట్ గుడ్డ పెడితే దాని చుట్టూ ముడతలు పడతాయి. గుడ్డ మీద గుడ్డ అతికి బొమ్మ తేల్చే ఈ పనిలో మహబూబాబాద్ ప్రాంతపు లంబాడీ తండాల స్త్రీలది అందెవేసిన చేయి.

భుజాల నుంచి వేలాడే కేప్‌కు శాటిన్ వాడతారు. అరవృత్తపు కేప్‌కు లెక్క సులువు. మెడ చుట్టుకొలతను 3.14తో భాగిస్తే లోపలి వలయపు వ్యాసార్ధం వస్తుంది. మెడ 32 సెంటీమీటర్లున్న పిల్లవాడికి అది సుమారు 10. కేప్ పొడవు 80 అనుకుంటే మొత్తం వ్యాసార్ధం 90, అందువల్ల 112 సెంటీమీటర్ల పన్నా ఉన్న గుడ్డ 1.8 మీటర్లు సరిపోతుంది. కత్తిరించాక ఒక రాత్రి వేలాడదీసి, క్రాస్ వైపు జారిన అంచును సమం చేసి అప్పుడు మడత కుట్టాలి. పిల్లల కేప్‌కు మెడ దగ్గర ముడి వేయకూడదు, లాగితే ఊడిపోయే వెల్క్రో పెట్టాలి.

కవచాలు, ముసుగులు

చిందు కళాకారుల కర్ర చేసే పని ఇక్కడ ఇ.వి.ఎ. ఫోమ్ చేస్తుంది. పిల్లలు ఆడుకునే మెత్తటి నేలపలకలు కూడా పనికొస్తాయి. హీట్‌గన్‌తో వేడిచేసి వంచి, రబ్బరు జిగురుతో అతికి, పైన రెండు మూడు పూతల ఫెవికాల్ ఆరనిచ్చి, అక్రిలిక్ రంగు వేస్తారు. జిగురు, వేడి ఫోమ్ వదిలే ఆవిర్లు హానికరం కాబట్టి ఆరుబయట చేయడమే సరైనది. ముసుగు అందంగా ఉండడం కన్నా పక్కచూపు ఆనడం, ఊపిరి ఆడడం ముఖ్యం.

తొలిసారి కుట్టేవారు పూర్తి సూటుతో మొదలుపెట్టవద్దు. అర మీటరు లైక్రా కొని ముందు మోచేతి దాకా వచ్చే తొడుగులు కుట్టండి. చేయి మడిచినప్పుడు కుట్టు తెగకపోతే సూటుకు గుడ్డ కొనవచ్చు.